అమ్మ తప్పించిన ఇల్లు

సాయంత్రం నాలుగూ ఇరవైకి మా అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వీధిలోకి దిగింది. శ్రావణ శుక్రవారం. నేను అప్పుడే బడిలో పాఠాలు ముగించుకుని వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాను. అది 1992. చోడవరంలో మేమున్న వీధిలో పేరంటానికి పిలవాలంటే నోటిమాట సరిపోదు. ఇల్లాలు స్వయంగా ఇంటింటికీ వెళ్లి, అక్కడి ఆడవాళ్ల నుదుట బొట్టు పెట్టి, రమ్మని చెప్పాలి. బొట్టు పెట్టకుండా కబురు పంపితే అది పిలుపు కాదు. వరసలో ఒక ఇల్లు వదిలేస్తే, కావాలనే వదిలేసినట్టు వీధి మొత్తానికి తెలుస్తుంది.

అమ్మ ప్రతి ఏడూ ఒక ఇల్లు వదిలేసేది. మాకు మూడో ఇల్లు అది. దాని ముందుకి రాగానే భరిణెకి మూత పెట్టేది. దాటాక మళ్లీ తీసేది. మూత చప్పుడు లోపలివాళ్లకి వినబడేటట్టే పెట్టేది.

ఆ ఇంట్లో ఉండేది బర్మా ఆవిడ. బజారులో దర్జీ పని చేసే మా ఊరాయన రంగూన్‌లో ఉన్న రోజుల్లో ఆవిణ్ణి పెళ్లి చేసుకుని, అక్కడి నుంచి మనవాళ్లందరినీ పంపేసినప్పుడు తనతో తెచ్చుకున్నాడు. వచ్చిన కొత్తలో మాట రాక చేతులతో సైగలు చేసేదట. నాకు ఊహ తెలిసి వినేసరికి మా అందరిలాగే మాట్లాడేది. మొహం మాత్రం ఆ దేశపు మొహం.

ఆ రోజు ఆవిడ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "ఎండ తగ్గనీ అప్పా, అప్పుడే బయల్దేరేవేటి?" అంది. మా వైపు అక్కని అప్ప అంటారు. అమ్మ మూత పెట్టి ముందుకి నడిచింది. పక్కింటావిడకి ఇదొక వినోదం.

"ఏటప్పా, ఆ ఇంట్లో మనుసులు కనపడ్లేదా నీకు?" అని అడిగింది.

"కనపడ్డారు. అందుకే మూతెట్టేను," అంది అమ్మ.

మేం కూడా రంగూన్ నుంచి వచ్చినవాళ్లమే. మా తాత బుచ్చయ్యపేట దగ్గర పల్లె నుంచి అక్కడ బియ్యం మిల్లులో పనికి వెళ్లాడు. మా నాన్న కూడా అదే మిల్లులో చేరాడు. బెల్టులో పడి ఎడమ చేతి చిటికెనవేలు పోయాక ఆ పని మానేసి చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. నేను అక్కడే పుట్టాను. అరవైల్లో సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ తీసేసుకుంది. మమ్మల్ని వెళ్లిపొమ్మంది. కొట్టులో సరుకు దాచాడని నాన్నని ఒక పొద్దున్న ఎవరో అధికారి తీసుకెళ్లాడు. రేపు వచ్చేస్తాడని చెప్పారు. ఓడ ఎక్కే రోజుకి కూడా రాలేదు. ఆ ఓడ తప్పితే ఇంకొకటి దొరుకుతుందో లేదో తెలియదు. అమ్మ నన్ను తీసుకుని ఎక్కింది.

రేవులో మనిషి మనిషినీ వెతికారు. బంగారం దేశం దాటకూడదని ఆర్డరట. అమ్మ మెడలో పుస్తెలు తీయించారు. ఓడలో ఒక ముసలమ్మ తన మూటలోంచి పసుపు కొమ్ము ఇచ్చింది. అమ్మ దాన్నే దారానికి కట్టి మెడలో వేసుకుంది. విశాఖపట్నంలో దిగాక, చోడవరం వచ్చాక, నాకు ఉద్యోగం వచ్చాక కూడా అదే. కొమ్ము పుచ్చిపోతే ఇంకో కొమ్ము కట్టుకునేది. పుస్తెలు చేయిస్తానంటే వద్దంది. "ఆయనొచ్చి కడతాడు. లేకపోతే అట్టుకెళ్లినోళ్లు తెచ్చి ఇస్తారు," అనేది.

ప్రభుత్వం తీసుకున్నవాటి గురించి అమ్మ అంత మాట్లాడేది కాదు. రంగూన్‌లో మా పొరుగింట్లో ఉండే ఆ దేశపావిడ గురించి మాట్లాడేది. మేం సామాన్లు సర్దుకుంటుంటే ఆ పొరుగింటావిడ వచ్చి, ఏడ్చి, అమ్మని కౌగిలించుకుని, వెళ్లేటప్పుడు కుట్టుమిషను పట్టుకుపోయిందట. "ఎలాగూ వదిలేసి ఎల్తావు కదా" అందట. "ఆవిడికి ఏ ఆర్డరూ లేదు," అనేది అమ్మ. ఆ దేశం మనుషుల మీద అమ్మ కేసు మొత్తం ఆ ఒక్క మాటలో ఉండేది.

నాన్న గురించి ఏ కబురూ రాలేదు. అటువైపు వెళ్లేవాళ్లు ఎవరున్నారని తెలిసినా అమ్మ వెళ్లి అడిగేది. ఓడల మీద పనిచేసేవాళ్లని, కలకత్తా మీదుగా వ్యాపారం చేసేవాళ్లని, రంగూన్‌లో ఇంకా చుట్టాలున్న ముస్లిం కుటుంబం అనకాపల్లిలో ఉందంటే వాళ్లని. పేరు చెప్పేది, వీధి చెప్పేది, లేని చిటికెనవేలు సంగతి చెప్పేది. మూడో ఇంటి ఆవిణ్ణి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. చదువుకున్నదాన్ని. ఒక ప్రభుత్వం చేసినదానికి ఆ దేశపు మనుషులందరినీ దోషుల్ని చేయకూడదని పుస్తకాల్లో చదివాను, నమ్మాను కూడా. అది వేరే దేశాల విషయంలో. వేసవిలో ఒకసారి బంగాళాఖాతంలో తుఫాను పట్టింది. రెండు రోజులు మా వైపే వస్తుందన్నారు. మూడో పొద్దున్న రేడియోలో అది దిశ మార్చుకుని బర్మా తీరం వైపు వెళ్తోందని చెప్పారు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. "ఎల్లనీ. ఆళ్ల మీదికే ఎల్లనీ," అంది. నేను అమ్మని వారించలేదు. తరవాతి వార్తల కోసం రేడియో ఆపకుండా ఉంచాను. ఎన్ని ఊళ్లు మునిగాయో వినాలని ఉంది నాకు.

దర్జీ ఈ విషయాలన్నీ ఎరుగును. రవిక కొలతకి వెళ్తే నన్ను వదిలేవాడు కాదు.

"పంతులమ్మా, గవర్నమెంటంటే ఎవరని సెప్తావు పిల్లలికి? జనమే అని కదా?"

"ఓట్లున్న చోట," అన్నాను.

"మరి అక్కడ ఓట్లు లేవు, ఇక్కడున్నాయి. సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీ కడతామని ఊళ్లకూళ్లు లేపేసినప్పుడు ఓట్లేసినోళ్లం మనమే. ఆ ఊళ్లోళ్లు నిన్నూ నన్నూ కొట్టాలి ముందు. మా ఆడది ఏటి సేసింది?"

"మీ ఆవిణ్ణి ఎవరూ కొట్టలేదు."

"కొట్టినా బాగున్ను. అదైనా ఒక పలకరింపే."

తనే నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన మర్చిపోయిన సంగతి ఒకటి నాకు తెలుసు. కొద్ది ఏళ్ల కిందటే అక్కడ ఓట్లు పెట్టారు. జనం ఆ సైన్యానికి వ్యతిరేకంగా ఓటేశారు. సైన్యం దిగిపోలేదు. అదంతా పేపర్లో చదివాను. ఇంటికొచ్చి అమ్మతో చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తుంది. నాన్నని తీసుకెళ్లిన అధికారి పేరు మాకు తెలియదు. మొహం నాకు గుర్తు లేదు. ఆర్డరు మీద సంతకం ఎవరిదో తెలియదు. కోపం పెట్టుకోవడానికి ఒక మొహం కావాలి. మూడో ఇంట్లో ఒకటి దొరికింది. దాన్ని వదులుకుంటే ఇంకేమీ మిగలదు.

1995 చివర్లో బర్మా ఆవిడ రంగూన్ వెళ్లింది. వాళ్ల అమ్మకి ఒంట్లో బాగులేదని కబురొచ్చింది. కొడుకు ఓడల మీద పనిచేసేవాడు, వాడే ఎలాగో ఏర్పాటు చేశాడు. బయల్దేరే ముందు రోజు బడి దారిలో నన్ను ఆపి, "మీ నాన్న సంగతి కనుక్కొస్తాను పంతులమ్మా. ఏ వీధి మీది?" అని అడిగింది. చెప్పాను. అమ్మకి చెప్పకుండానే చెప్పాను.

చలికాలం వెళ్లకుండానే తిరిగి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడింది. అన్నేళ్లలో అంతదూరం రావడం అదే మొదలు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. నేను లోపలికి రమ్మన్నాను. ఆవిడ వచ్చి నేల మీద కూర్చుంది.

"అప్పా, బావగారి కబురు తెలిసింది," అంది.

అమ్మ చెరగడం ఆపలేదు.

"మీరు ఓడెక్కిన రెండో వానాకాలంలోనే పోయేడంట. జైల్లో జొరం తగిలిందంట. మా మేనమామ ఆ జైల్లోనే ఉండేవోడు. ఆయనతోటి ఉన్న ముసలాయన సెప్పేడు. తెలుగు మనిషి, బట్టల కొట్టు, ఎడం సేతికి చిటికెనేలు లేదన్నాడు."

అమ్మ చెరగడం ఆపి అడిగింది.

"కాయితం ఇచ్చేరా?"

"ఇవ్వరప్పా. ఆళ్లు ఎవరికీ ఇవ్వరు. మా తమ్ముడికీ ఇవ్వలేదు. ఊరేగింపులో ఎల్తంటే కాల్చేసేరు. మా అమ్మకి ఒళ్లు కూడా సూపించలేదు. మొన్న ఎల్తేనే తెలిసింది నాకు."

"ఎవరు కాల్చేరు?"

"మిలట్రీవోళ్లు."

"ఆ మిలట్రీవోళ్లు ఎవరి కొడుకులే? సముద్రంలోంచి లెగిసి వచ్చేరా? మీ వీధిలోవోళ్లు కన్న గుంటలు కాదా?"

ఆవిడ తల దించుకుంది. అమ్మ చేట కింద పెట్టింది.

"నీ తమ్ముణ్ని సంపుకున్నారు. అది మీలో మీకు. నా మొగుణ్ని సంపడానికి నువ్వెవరే? ఆ రోజు రేవులో పుస్తెలు లాక్కున్నారు. ఈ రోజు నిన్ను పంపి బొట్టు తుడవమంటన్నారా? నీ దేశం మాట మీద నాను ముండమొయ్యను. లెగు."

ఆవిడ లేచి వెళ్లిపోయింది. తమ్ముడు పోయినందుకు ఆవిడకి మేం ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ పూట నాకు ఆ ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్లుగా లేని మనిషి కోసం మా అమ్మ కొమ్ములు మార్చుకుంటూ వచ్చిందని, ఆ మాట చెప్పడం ఆ దేశం వాళ్లకి ఒక చీటీ ముక్క పని అని, అది కూడా చేయలేదని, దాని చుట్టూనే నా తల తిరిగింది. కబురు నిజమని నాకు తెలుసు. చిటికెనవేలు సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. అమ్మకి కూడా తెలుసని ఇప్పటికీ అనుకుంటాను.

కబురు వీధిలో పాకింది. ఎవరూ అమ్మ ఎదుట ఏమీ అనలేదు. కానీ మాఘమాసంలో నాలుగిళ్ల అవతల నోముకి అమ్మని పిలవడానికి ఎవరూ రాలేదు. మొగుడు పోయిన మనిషి చేతి బొట్టు ఎవరూ పెట్టించుకోరు. పెట్టించుకుంటే తమ మొగుడికి చేటని భయం. అమ్మ భరిణె ఇక బయటికి రాదని అందరూ అనుకున్నారు.

ఆ శ్రావణంలో అమ్మ మళ్లీ భరిణె తీసింది. ఈసారి నన్ను కూడా రమ్మంది. మొదటి రెండు ఇళ్లూ దాటి నేరుగా మూడో ఇంటికి వెళ్లింది. దర్జీ అరుగు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు. బర్మా ఆవిడ వాకిట్లో అంట్లు తోముతోంది. అమ్మ మూత తీసి, కుంకుమలో వేలు అద్ది నిలబడింది.

"పేరంటానికి పిలుద్దామని వచ్చేను," అంది.

పక్కింటావిడ పరుగున బయటికొచ్చింది. దర్జీ లేచి నిలబడ్డాడు. మొహంలో రంగు లేదు.

"ఆగప్పా. ఒసే, నువ్వు లోపలికెల్లు."

"ఎందుకు బాబూ లోపలికి?" అంది అమ్మ. "నా సేతి బొట్టు పనికిరాదా? పనికిరాకపోతే ఎందుకు పనికిరాదో అది కూడా సెప్పు. ఈదంతా ఇంటంది."

ఆయన ఏం చెప్పినా ఇబ్బందే. కబురు నిజమంటే వాకిట్లో నిలబడ్డ మనిషిని విధవ అని మొహాన్నే అనాలి. కాదంటే తన పెళ్లాం అబద్ధం మోసుకొచ్చిందని ఒప్పుకోవాలి. ఊరుకుంటే, ఆయన నమ్మకం ప్రకారం, తన ప్రాణానికే ముప్పు. అమ్మ ఇదంతా ఆలోచించుకునే వచ్చింది. ఏడు నెలలు ఆలోచించుకుంది.

బర్మా ఆవిడ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వచ్చి మా అమ్మ ముందు నుదురు వంచింది.

"ఏయ్, నీకేటైనా మతిపోయిందా?" అన్నాడు దర్జీ.

"నువ్వూరుకో. పిలవడానికొచ్చింది అప్ప," అంది ఆవిడ.

అమ్మ వేలు ఒక్క క్షణం ఆగింది. తరవాత పెట్టింది. రూపాయి కాసంత బొట్టు. వెనక్కి తిరిగి మిగిలిన ఇళ్లన్నీ చుట్టింది. మూడో ఇల్లు పెట్టించుకున్నాక మిగిలినవాళ్లు ఎవరూ కాదనలేకపోయారు.

ఇంటికొచ్చి, "ఇప్పుడు ఎల్లి సెప్పుకోమను ఆళ్ల దేశానికి," అంది. ఆ రాత్రి రెండు మార్లు అన్నం పెట్టించుకుని తింది. వీధిలో వాళ్లు మాత్రం అమ్మ మనసు మార్చుకుందనుకున్నారు. ఇన్నాళ్లకి పగ వదిలేసిందని నాతో చెప్పి సంతోషపడ్డారు. నేను అవునన్నాను. మా అమ్మ చేసినదానిలో క్షమించడం ఇసుమంత కూడా లేదు. నాకు కూడా ఆ పూట హాయిగా ఉంది. ఆ తరవాత చాలా రోజులు మూడో ఇంట్లో దర్జీ దగ్గితే అమ్మ మాట్లాడుతున్నదల్లా ఆపి వినేది. అది కోరికో భయమో నేను అడగలేదు. ఆయనకి ఏమీ కాలేదు.

1998 వానల్లో అమ్మ పోయింది. జ్వరం, తరవాత ఊపిరి అందలేదు. తెల్లవారేసరికి అయిపోయింది. మా చిన్నాన్న పల్లె నుంచి వచ్చాడు. ముత్తైదువ అయితే పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు పెట్టి సాగనంపుతారు. కాకపోతే అవేవీ ఉండవు, మెడలో దారం కూడా తీసేస్తారు. వీధిలో ఆడవాళ్లు పసుపు గిన్నె కలిపి పెట్టుకుని కూర్చున్నారు. చిన్నాన్న ఒప్పుకోలేదు.

"మా అన్న పోయేడని కబురొచ్చిందంటన్నారు కదా. పోయినోడి పెళ్లానికి పసుపు రాస్తే రేపు మా ఇంటికి అరిష్టం. ఏదో ఒకటి తేల్చండి," అన్నాడు.

"బతికున్నన్నాళ్లూ ఎట్టుకుంది కదయ్యా," అని ఎవరో అన్నారు.

"బతికుండగా ఆవిడిష్టం. ఇప్పుడు మా ఇంటి సంగతి."

నన్ను అడిగారు. నేను అబద్ధం చెప్పేదాన్నే. నా మాట చెల్లదన్నాడు చిన్నాన్న. కూతురు తల్లి వైపే మాట్లాడుతుందని. కబురు తెచ్చిన మనిషినే పిలవమన్నాడు.

బర్మా ఆవిడ వాన్లో తడుస్తూ వచ్చింది. అమ్మ మొహం ఒకసారి చూసింది. మెడలో కొమ్ము చూసింది. నాకు ఆవిడ ఏం చెప్తుందో తెలియలేదు. అన్నేళ్లు మూత చప్పుడు విన్న మనిషి. తమ్ముడి చావు చెప్పుకుంటే లేచిపొమ్మనిపించుకున్న మనిషి. భర్త ప్రాణాన్ని అడ్డం పెట్టి అమ్మ ఏం చేసిందో వీధిలో ఎవరికీ అర్థం కాకపోయినా ఆవిడకి అర్థమై ఉంటుంది. నిజం చెప్తే చాలు. ఒక్క మాటతో మా అమ్మ మెడలో దారం తెగుతుంది. ఆవిడ స్థానంలో నేనుంటే చెప్పేదాన్ని.

"ఆ సచ్చిపోయినాయన ఈరి మనిషి కాదు," అంది ఆవిడ. "మళ్లీ కబురొచ్చింది. ఆయనికి సేతి ఏళ్లన్నీ ఉన్నాయంట. చిటికెనేలు కూడా ఉందంట."

"మరి ముందే సెప్పలేదేటి?" అన్నాడు చిన్నాన్న.

"ఎవరడిగేరు బాబూ?"

చిన్నాన్న పక్కకి జరిగాడు. ఆడవాళ్లు అమ్మకి పసుపు రాశారు.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం నేను మూడో ఇంటికి వెళ్లాను. ఎందుకలా చెప్పారని అడిగాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే చెప్పింది.

"ఆ గవర్నమెంటు మా తమ్ముడి సంగతి మా అమ్మకి సెప్పలేదు. మీ నాన్న సంగతి మీకు సెప్పలేదు. సెప్పాల్సినోళ్లు ఆళ్లు. ఆళ్ల పని నాను సేసి మీ అమ్మ సేత తిట్లు తిన్నాను. మళ్లీ ఆళ్ల మాట నానెందుకు మొయ్యాలి? ఆళ్లనే వచ్చి సెప్పమను."

మా అమ్మ మాట్లాడినట్టే ఉంది. అదే కసి. ఇద్దరూ ఒకే వాళ్ల మీద పెట్టుకున్నారు. నేను ఆవిడ తమ్ముడి వయసు అడిగాను. చెప్పింది. చిన్నవాడే.

నాకు కోపం పోలేదు. ఈ ఒక్క మనిషిని ఆ దేశం లెక్కలోంచి తీసేశాను, అంతే. మిగిలిన వాళ్ల విషయం పుస్తకాల్లో రాసినట్టు నా మనసులో ఇంకా లేదు. ఒక్కొక్కరూ ఇలా ఎదురుపడితే తప్ప లెక్క మారదేమో. అంతమంది నాకు ఎదురుపడరు.

ఆవిడ చెప్పిన మాట ప్రకారం మా నాన్న బతికే ఉన్నాడు. అందుకని చిన్నాన్న ఆయనకి ఏ కర్మా చేయలేదు, నేను చేయమనలేదు. అటువైపు వెళ్లివచ్చేవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నారు. మా నాన్న గురించి మేం ఎవరినీ అడగడం లేదు.